యువ డ్రైవర్ల శిక్షణ: ఖమ్మం – భద్రాచలం అడవి అంచు రోడ్లు

యువ డ్రైవర్ల శిక్షణ అంటే ఇరవై ఏళ్లు దాటని వారికి బండిని అదుపులో ఉంచుకోవడం, రోడ్డు మీద ముంచుకొచ్చే ముప్పును ముందే పసిగట్టడం నేర్పే విద్య. ఇందులో రెండు పాయలున్నాయి. ఒకటి చేతులూ కాళ్లూ నేర్చుకునేది: స్టీరింగ్, క్లచ్, గేరు, బ్రేకు, జారిన బండిని నిలదొక్కించడం. రెండోది కళ్లూ బుద్ధీ నేర్చుకునేది: ఏ మలుపు వెనక ఏముండవచ్చు, ఆగిన ఆటో ముందు నుంచి ఎవరు దూకవచ్చు, ఈ వేగంలో తాను ఎంత దూరంలో ఆగగలడు. మన డ్రైవింగ్ స్కూళ్లూ, ఇంట్లో నేర్పే నాన్నలూ, మేనమామలూ, చివరికి ఆర్టీఏ ఆఫీసులో పెట్టే పరీక్షా దాదాపుగా మొదటి పాయ దగ్గరే ఆగిపోతాయి. వయసులో ఉన్నవాణ్ని ప్రమాదంలోకి నెట్టేది మాత్రం ఎక్కువగా రెండో పాయలోని లోటు. దాన్ని వదిలేసి మొదటిదానికే మెరుగులు దిద్దితే మేలు జరగకపోగా కీడు కూడా జరగవచ్చని ఇతర దేశాల అనుభవం చెబుతోంది. ఖమ్మం జిల్లా తూర్పు మండలాల నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మీదుగా గోదావరి దాటి చింతూరు దాకా సాగే అడవి రోడ్లు ఈ వాదనను పరీక్షించడానికి అనువైన చోటు.

ఈ ప్రాంతానికి వెన్నెముక 30వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు దీన్ని 221 అనేవారు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై తిరువూరు, పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా సారపాక చేరి, గోదావరి వంతెన దాటి భద్రాచలంలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి నెల్లిపాక, చింతూరు, కుంట దాటి బస్తర్ అడవుల్లోకి వెళ్తుంది. ఖమ్మం నుంచి వచ్చేవారు వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా గానీ ఇల్లెందు మీదుగా గానీ కొత్తగూడెం చేరతారు. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో, 2016 అక్టోబరు 11న ఖమ్మం నుంచి కొత్తగూడెం విడివడి వేరే జిల్లా కావడంతో ఇదే దారి ఇప్పుడు రెండు రాష్ట్రాల పోలీసుల, రెండు రవాణా శాఖల చేతుల్లో ఉంది. రోడ్డుకు ఆ హద్దులతో పనిలేదు. మణుగూరు, కొత్తగూడెం గనుల బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు, సారపాక కాగితం మిల్లుకు సుబాబుల్, జామాయిల్ కర్ర మోసే లారీలు దీని మీదే తిరుగుతాయి. సంత రోజున నిండా జనంతో ఆటోలు బారులు తీరతాయి. కోతలయ్యాక సగం తారు మీద మొక్కజొన్న, వడ్లు ఆరబోస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరడానికి కోయ గూడేల ఆడవాళ్లు, పిల్లలు రోడ్డు పక్కకు చేరతారు. పొద్దు వాలాక మేత నుంచి తిరిగొచ్చే పశువులు తారు వెచ్చదనానికి అక్కడే పడుకుంటాయి. శ్రీరామనవమికీ, ముక్కోటి ఏకాదశికీ రాత్రంతా నడిపి కళ్లు మూతలు పడుతున్న యాత్రికుల కార్లు వీటన్నిటి మధ్య నుంచి దూసుకుపోతుంటాయి. హైదరాబాదులో నేర్చుకున్న కుర్రవాడికి సిగ్నలు తెలుసు, లేన్ తెలుసు. నల్లటి రాత్రి నల్లటి తారు మీద పడుకున్న నల్లటి బర్రె ఎంత దూరం నుంచి కనబడుతుందో తెలియదు.

ఆ దూరం లెక్కకు అందేదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఉలిక్కిపడ్డ కొత్త డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర అనుకుంటే అప్పటికే 25 మీటర్లు అయిపోతాయి. పొడి తారు మీద గట్టిగా తొక్కితే మరో 20 మీటర్లు. మొత్తం 45. అదే 80 వేగంలో కాలు కదిలేలోపే 33 మీటర్లు, ఆ తర్వాత 36, మొత్తం 69. ఇంతవరకు చాలామంది ఊహించగలరు. ఊహకు అందనిది దీని వెనక ఉంది. 60తో వచ్చిన కారు పూర్తిగా ఆగిన ఆ 45వ మీటరు దగ్గర, 80తో వచ్చిన కారు ఇంకా 65 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. ఒకడు బర్రె ముందు ఆగి హారన్ కొట్టే చోట ఇంకొకడు దాన్ని 65 వేగంతో గుద్దుతాడు. తేడా వేగంలో 20 కిలోమీటర్లే. వాన పడి తారు తడిస్తే 80 నుంచి ఆగడానికి వంద మీటర్ల దాకా కావాలి. ఎదురుగా లారీ వస్తుంటే లైటు డిప్ చేయాలి, డిప్ చేసిన లైటులో రోడ్డు స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లు. అంటే ఆ వేళ ఆ వేగంలో నడిపేవాడు తాను చూడని రోడ్డు మీదికి బండి తోలుతున్నాడన్నమాట. ఎంత గొప్ప స్టీరింగ్ నేర్పరితనమూ ఈ లెక్కను మార్చలేదు. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. మృతుల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడ్డారు, మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువారు. పోలీసులు కారణం తేలనప్పుడు అతివేగం అని రాసేస్తారన్న విమర్శ ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ మేరకు తగ్గించి చూసినా పైన చెప్పిన లెక్క అలాగే నిలుస్తుంది.

చట్టం ఏం చేస్తోంది? 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ దాటని బండికి 16 చాలు. కానీ పల్లెల్లో అందరూ నడిపే టీవీఎస్ ఎక్సెల్ ఇంజనే వంద సీసీకి కొద్దిగా తక్కువ కాబట్టి ఆ వెసులుబాటు కాగితం మీదే మిగిలింది. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారి లైసెన్సు) తీసుకుని 30 రోజులు గడిస్తే లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు, ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షను మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా వేస్తుంది. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఆ కుర్రవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు దొరకదు. 2024 మేలో పుణెలో పదిహేడేళ్ల బాలుడు నడిపిన పోర్షే కారు కింద ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చనిపోయినప్పుడు దేశమంతా చర్చించింది ఈ శిక్షల గురించే. శిక్ష అవసరమే. అయితే పదిహేడేళ్ల పదకొండు నెలలప్పుడు నడిపితే నేరస్థుడయ్యేవాడు, మరో రెండు నెలలకు పూర్తి హక్కుదారుడై, పద్దెనిమిదో పుట్టినరోజు తర్వాత కొద్ది వారాలకే అర్ధరాత్రి నలుగురు స్నేహితులను ఎక్కించుకుని చింతూరు అవతలి మారేడుమిల్లి ఘాట్ దిగినా చట్టం అడ్డుచెప్పదు. ఎవరు నడపకూడదో మన చట్టం గట్టిగానే చెబుతుంది, ఎలా నేర్చుకుంటూ నడపాలో మాత్రం చెప్పదు.

పరీక్ష ఇంకా విచిత్రం. బైకుకు 8 ఆకారపు ట్రాక్, కారుకు హెచ్. ఖమ్మంలోనైనా కొత్తగూడెంలోనైనా డ్రైవింగ్ స్కూలులో చేరిన ప్రతివాడి లక్ష్యం హెచ్ ట్రాక్ మీద గుంజలకు తగలకుండా రివర్సు తీయడం. ఏ గుంజ అద్దంలో కనబడగానే స్టీరింగ్ ఎన్ని చుట్లు తిప్పాలో బట్టీ పట్టించే స్కూళ్లున్నాయి. ఇతర డ్రైవర్లూ, పాదచారులూ ఏం చేయబోతారో ముందే ఊహించి నడపాలన్న అంశం 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని పరీక్ష జాబితాలోనే ఉంది. ఖాళీ ట్రాక్ మీద ఊహించడానికి ఎవరుంటారు? 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల నియమాలు కొంత మెరుగు. చిన్న వాహనాలకు 29 గంటల కోర్సు, అందులో 8 గంటలు పాఠం, 21 గంటలు నడపడం. సిమ్యులేటరు, ట్రాక్ ఉండాలి. అక్కడ గట్టెక్కినవారికి ఆర్టీఏ పరీక్ష అక్కర్లేదు. అయితే ఇలాంటి కేంద్రం పెట్టడానికి కనీసం ఎకరం స్థలం, దానికి తగ్గ పెట్టుబడి కావాలి. భద్రాచలం అవతలి దుమ్ముగూడెం, చర్ల వైపు కుర్రవాడికి అది ఎప్పుడు దగ్గరికొస్తుందన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ సహజంగా తోచే మందు ఒకటుంది: రివర్సు తీయడం చాలదు, అసలైన అదుపు నేర్పుదాం, జారే నేల మీద కారును తిప్పి నిలబెట్టడం నేర్పుదాం. అమెరికాలో ఇలాంటి ఒకరోజు శిబిరాలకు ఆదరణ ఉంది, అక్కడ స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులకూ ఈ మాట కొత్త కాదు. ఈ మందును ప్రయోగించి చూసిన దేశం నార్వే. 1979లో కొత్త డ్రైవర్లకు జారుడు రోడ్ల శిక్షణను అక్కడ తప్పనిసరి చేశారు. 1988లో వచ్చిన మూల్యాంకనం ప్రకారం ఆ శిక్షణ పొందిన యువకుల్లో జారుడు రోడ్ల మీద ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. ఎందుకు? స్వీడన్‌లో నిల్స్ పెట్టర్ గ్రెగర్సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబు దొరకబుచ్చుకుంది. జారే నేల మీద ఒక బృందానికి బ్రేకు వేసి తప్పుకునే మెళకువలు నేర్పారు, రెండో బృందానికి తమ మెళకువ ఎక్కడ చేతులెత్తేస్తుందో చూపించారు. తర్వాత పరీక్షిస్తే నిజమైన నేర్పులో ఇద్దరికీ తేడా లేదు. తమ నేర్పు మీద నమ్మకం మాత్రం మొదటి బృందంలో ఎక్కువ. పద్దెనిమిదేళ్లవాడికి గంటసేపు నేర్పిన విన్యాసం చేతిలో నిలవదు, మనసులో మాత్రం నిలిచిపోతుంది. తర్వాత అదే ధైర్యంతో పది కిలోమీటర్లు ఎక్కువ వేగంలో వెళ్తాడు. 1970ల చివర్లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం డికాబ్ కౌంటీలో దాదాపు 16 వేల మంది విద్యార్థులతో జరిపిన పెద్ద ప్రయోగం కూడా, ఎంతో శ్రద్ధగా రూపొందించిన కోర్సు మేలు మొదటి కొద్ది నెలలు దాటి నిలవలేదని తేల్చింది.

దీన్ని పట్టుకుని అదుపు నేర్పడమే దండగ అనడం తొందరపాటు. ఒక కారు ఆగడం ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలి. 2019 ఏప్రిల్ తర్వాత మన దేశంలో అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉంది. అది పనిచేసేటప్పుడు పెడలు కాలి కింద టకటకా అదురుతుంది, కింద గరగరమని చప్పుడొస్తుంది. ఆ అదురు ఎన్నడూ ఎరగనివాడు ఏదో విరిగిందనుకుని సరిగ్గా తొక్కిపట్టాల్సిన క్షణంలోనే కాలు తీసేస్తాడు. ఖాళీ మైదానంలో 40 వేగంతో వచ్చి, ఒక గుర్తు దగ్గర పెడలును నేలకు తొక్కి, అదురుతున్నా వదలకుండా, చక్రాలు తిరుగుతుంటాయి కాబట్టి స్టీరింగ్ పనిచేస్తుందని చూసుకోవడం పావుగంట పని. అదే గుర్తు దగ్గర 60తో తొక్కించి ఎక్కడ ఆగిందో దిగి నడిచి కొలవమంటే ఆ పాఠం పూర్తవుతుంది. ఎందుకంటే కొలిచేముందు తాను ఎక్కడ ఆగుతానని చెప్పాడో, నిజంగా ఎక్కడ ఆగాడో ఆ రెండింటి నడుమ దూరమే అసలు పాఠం. విన్యాసం నేర్పితే గర్వం పెరుగుతుంది, హద్దు చూపితే జాగ్రత్త పెరుగుతుంది. పద్ధతి ఒకటే, చివర అడిగే ప్రశ్న వేరు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా కావాల్సిన అదుపు పాఠాలు మరో రెండున్నాయి. మొదటిది తారు అంచు. అడవి రోడ్ల పక్కన మొరం కోసుకుపోయి తారుకూ నేలకూ మధ్య నాలుగైదు వేళ్ల లోతు గాడి పడుతుంది. ఎదురుగా టిప్పరు మధ్యకొస్తే కొత్తవాడు ఎడమకు జరుగుతాడు, ఎడమ చక్రాలు దిగిపోతాయి. దడపుట్టి ఒక్కసారిగా కుడికి తిప్పుతాడు. చక్రం పక్క ఆ అంచుకు ఒరుసుకుంటూ ఎక్కలేక ఎక్కలేక, చివరికి ఎక్కిన మరుక్షణం అప్పటిదాకా తిప్పి పట్టుకున్న స్టీరింగంతా పనిచేసి కారు అడ్డంగా ఎదుటి లారీ కిందికి పోతుంది. చేయాల్సింది ఏమీ చేయనట్టే ఉంటుంది: యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ సూటిగా పట్టుకుని, మొరం మీదే వేగం తగ్గనిచ్చి, నెమ్మదయ్యాక చిన్న మలుపుతో పైకి ఎక్కించడం. రెండోది ఘాట్. చింతూరు నుంచి మారేడుమిల్లి ఎక్కి దిగే దారిలో ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు ఇంకా పోలేదు. బ్రేకు మీదే భారం వేసి దిగితే అది కాగి, ఆఖరి మలుపుల్లో పట్టు వదిలేస్తుంది. ఇరుకుచోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం. 2019 అక్టోబరులో ఇదే ఘాట్‌లో కర్ణాటక యాత్రికుల వాహనం లోయలో పడి పలువురు చనిపోయారు. వృత్తి డ్రైవర్లనే బలిగొన్న దారి అది. దాన్ని కొత్త లైసెన్సుకు సరదా పరీక్షగా వాడుకోవడం ఏ లెక్కన చూసినా తెలివితక్కువ పని.

మరి రెండో పాయను నేర్పేదెలా? ఇందుకు కారే అక్కర్లేదన్నది ఎవరూ గమనించని సౌకర్యం. బ్రిటన్ 2002 నవంబరులో లైసెన్సు పరీక్షలో ముప్పును పసిగట్టే పరీక్షను చేర్చింది. రోడ్డు వీడియో చూపిస్తారు, ముప్పు పుట్టేచోటు ఎంత త్వరగా గుర్తుపట్టారో చూస్తారు. అదే పని భద్రాచలం బస్సులో ముందు సీట్లో కూర్చుని చేయవచ్చు, నాన్న నడిపే ఆటోలో పక్కన కూర్చుని చేయవచ్చు. కనబడుతున్నది పైకి చెప్పించడమే పద్ధతి. "ఎడమ పక్క ఆటో ఆగింది. దిగినామె అటువైపు చూస్తోంది, ఇటు చూడలేదు. అవతల చెట్టు కింద పిల్లలున్నారు, వీళ్లకోసమే కావచ్చు. కాలు బ్రేకు మీదికి తెస్తున్నా." ఇలా పావుగంట చెప్పించి చూస్తే కుర్రవాడి కళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో నేర్పేవాడికి తెలిసిపోతుంది. కొత్తవాళ్లు బానెట్ ముందర పదిహేను, ఇరవై మీటర్లే చూస్తారు. అనుభవమున్నవాడు మలుపు చివరి దాకా, ఎదుటి లారీ చక్రాల దాకా, రోడ్డు పక్క గడ్డి కదలిక దాకా చూస్తాడు.

దీనికి తోడు కావాల్సింది పెద్దల పక్కన ఎక్కువ గంటలు నడపడం, కష్టాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడం. స్వీడన్ 1993లో నేర్చుకునే వయసును పదిహేడున్నర నుంచి 16కు తగ్గించింది, లైసెన్సు వయసు మాత్రం 18గానే ఉంచింది. ఆ అవకాశం వాడుకున్నవారి సాధన సగటున సుమారు 48 గంటల నుంచి 118 గంటలకు పెరిగింది, లైసెన్సు వచ్చాక వారి ప్రమాదాలు దాదాపు 40 శాతం తగ్గాయి. శ్రద్ధగల కుటుంబాలే ముందుకొచ్చాయి కాబట్టి ఆ తగ్గుదలలో కొంత వారి స్వభావానిదేనని పరిశోధకులే ఒప్పుకున్నారు. న్యూజిలాండ్ 1987లో మెట్ల లైసెన్సు పద్ధతి పెట్టింది. మొదట పెద్దల పక్కన, తర్వాత ఒంటరిగా గానీ రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 5 దాకా వద్దు, స్నేహితులను ఎక్కించుకోవద్దు, ఆ తర్వాతే పూర్తి లైసెన్సు. స్నేహితుల సంగతి చాదస్తం కాదు. 16, 17 ఏళ్ల డ్రైవర్ల పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరు పెరిగేకొద్దీ డ్రైవరు చనిపోయే ముప్పు పెరుగుతుందని 2000లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనం చూపింది.

ఇదంతా స్వీడన్‌కు చెల్లుతుంది, చర్లకు చెల్లదు అనవచ్చు. ఇక్కడ సొంత కారున్న ఇల్లే తక్కువ, 118 గంటలకు పెట్రోలు ఎవరు పోస్తారు? సరైన ప్రశ్నే. కానీ సాధన కోసం వేరే ప్రయాణం అక్కర్లేదు. ఖమ్మం మార్కెట్‌కు మిర్చితో వెళ్లే బొలెరో, ఆసుపత్రికి వెళ్లే కారు, పెళ్లికి వెళ్లే వ్యాను ఎలాగూ తిరుగుతాయి. ఎల్ బోర్డు కట్టి, లైసెన్సున్న పెద్దవారు పక్కన కూర్చుంటే, పోయే దారే బడి అవుతుంది. 18 లోపు కారుకు ఎల్ఎల్ఆర్ ఇవ్వరు కాబట్టి స్వీడన్ లాగా 16కే మొదలుపెట్టలేం. చట్టం అనుమతించే ఆరు నెలలను ముప్పై రోజుల్లో ముగించకుండా పూర్తిగా వాడుకోవచ్చు. పగలు ఊరి రోడ్లతో మొదలై, పగటి హైవే, వాన, ఆ తర్వాత పొద్దుగూకిన వేళ, చివర్లో రాత్రి, ఆఖరున ఘాట్. వానల మొదట్లో మొదలుపెట్టి ఈ వరుసలో పోతే ఒక వానాకాలం, ఒక మంచుకాలం రెండూ కలిసొస్తాయి. లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది రాత్రివేళ స్నేహితులతో బండి ఇవ్వకపోవడానికి చట్టం అక్కర్లేదు, తాళం ఎవరి దగ్గరుందన్నదే చాలు.

ఇంకో అభ్యంతరం పల్లెల్లో మరీ బలమైనది: మా పిల్లలు పదమూడేళ్లకే ట్రాక్టరు తోలతారు, పదిహేనుకు బైకు నడుపుతారు, వాళ్లకు మీరేం నేర్పుతారు? చేతివాటం వరకు ఈ మాట నిజమే. క్లచ్, గేరు వాళ్లకు నేర్పక్కర్లేదు. చిక్కంతా అక్కడే. పొలంలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నేర్చుకున్న ధీమా 80 దగ్గర పనికొచ్చేది కాదు. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీదివారే. పద్దెనిమిది నిండి కారు సీట్లో కూర్చునే కుర్రవాడు అప్పటికే మూడేళ్లుగా హెల్మెట్ లేకుండా, అద్దాలు విప్పేసిన బండి మీద, లారీల పక్క సందుల్లోంచి దూరడం అలవాటు చేసుకుని ఉంటాడు. కాబట్టి కారు శిక్షకుడు మొదట అడగాల్సింది గేర్ల గురించి కాదు, ఇంతవరకు ఏ బండి నడిపావు, ఎప్పుడెప్పుడు తప్పించుకున్నావు అని. ఆ తప్పించుకున్న సందర్భాలను ఒక్కొక్కటే తీసి, అప్పుడు నీ వేగమెంత, ఎంత దూరం కనబడింది, బండి ఎంత దూరంలో ఆగేది అని లెక్క కట్టిస్తే, ఏ డ్రైవింగ్ స్కూలు పుస్తకంలోనూ లేని పాఠాలు వాడి నోటి నుంచే వస్తాయి. కొత్తగూడెం, భద్రాచలం కళాశాలల్లో ఇంటర్ రెండో ఏడాది పిల్లల దగ్గర ఈ పని మొదలుపెట్టవచ్చు. అప్పటికి వాళ్లలో చాలామందికి లైసెన్సు వయసు ఇంకా రాదు, బైకు తాళం మాత్రం జేబులో ఉంటుంది.